గదిలో పట్టని గర్జన

1966లో లండన్‌ వెస్ట్ హాంప్‌స్టెడ్‌లోని డెక్కా స్టూడియో ఇంజనీర్లకు ఎరిక్ క్లాప్టన్ అనే 21 ఏళ్ల కుర్రాడు పెద్ద తలనొప్పిగా తయారయ్యాడు. జాన్ మేయాల్ బృందం 'బ్లూస్ బ్రేకర్స్' ఆల్బమ్ రికార్డింగ్‌కు తన మార్షల్ యాంప్లిఫయర్‌ను వెంటబెట్టుకొచ్చి, క్లబ్బులో ఎంత మోతతో వాయిస్తాడో ఇక్కడా అంతే మోతతో వాయిస్తానని భీష్మించాడు. అప్పటి స్టూడియో మర్యాద వేరు. గిటార్ శబ్దం తగ్గించాలి, మైకు స్పీకర్‌కు దగ్గరగా ఉండాలి. క్లాప్టన్ వినలేదు. చివరికి మైకే దూరం జరిగింది. ఆ రికార్డులో వినిపించిన గిటార్ నాదం తర్వాతి తరాల వాయిద్యకారులకు ఒక కొలబద్ద అయింది. దాంతోపాటు ఓ చిక్కు ప్రశ్నను కూడా మిగిల్చింది: ఆ నాదం కావాలి, ఆ మోత వద్దు. ఎలా?

క్లాప్టన్ పట్టుదల వెనక కుర్రతనమే కాదు, భౌతికశాస్త్రం కూడా ఉంది. 1960, 70లలో ఇంట్లో రేడియో ఉన్నవారికి వాల్వు కొత్త కాదు. స్విచ్ వేశాక అర నిమిషం దాకా రేడియో పలికేది కాదు. వెనక అట్ట చిల్లుల్లోంచి చూస్తే ఎర్రగా వెలుగుతున్న గాజు బుడ్లు కనిపించేవి. గిటార్ యాంప్లిఫయర్‌లో ఉండేవీ అవే. అమెరికా వాళ్లు ట్యూబ్ అంటారు, బ్రిటిష్ వాళ్లు వాల్వు అంటారు. లోపల వేడెక్కిన కేథోడ్ నుంచి బయల్దేరిన ఎలక్ట్రాన్లు ప్లేట్ వైపు పరుగెడతాయి. మధ్యలో కాపలాదారులా ఒక తీగల వల ఉంటుంది. దాని పేరు గ్రిడ్. గిటార్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్ ఆ గ్రిడ్‌ను కొద్దిగా కదిపితే చాలు, ప్లేట్ దగ్గర పెద్ద కరెంటు అదే తీరులో హెచ్చుతగ్గులకు లోనవుతుంది. యాంప్లిఫికేషన్ అంటే ఇంతే.

అయితే ఏ వాల్వుకైనా ఒక హద్దు ఉంటుంది. సిగ్నల్ మరీ పెద్దదైతే వాల్వు ఇక ఇవ్వలేదు. గుండ్రటి శిఖరాలతో రావాల్సిన అలల తలలు తెగి చదునవుతాయి. ఇంజనీర్ల భాషలో ఇది క్లిప్పింగ్, సంగీతకారుల భాషలో ఓవర్‌డ్రైవ్. అల ఆకారం మారిందంటే అసలు స్వరంతోపాటు దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతల పౌనఃపున్యాల అనుస్వరాలు కొత్తగా పుట్టుకొచ్చాయని అర్థం. నాదం చిక్కబడుతుంది, గొంతులో జీర వచ్చినట్టుంటుంది, తీగ మీటిన తర్వాత కూడా చాలాసేపు నిలుస్తుంది. తంబురా తీగ కింద దారం పోగు సర్ది జీవాళి రప్పించేవారికి ఈ ఆకర్షణ అర్థమవుతుంది. అక్కడ పని చేసేది వేరే సూత్రమే అయినా చెవికి అందే సుఖం అనుస్వరాల నుంచే. వాల్వు ఒక్కసారిగా చేతులెత్తేయకుండా మెల్లగా లొంగుతుంది కాబట్టి, గిటారిస్టు వేలి ఒత్తిడి పెరిగితే జీర పెరుగుతుంది, తగ్గితే నాదం తేటపడుతుంది. అంటే అది చేతిలో వాయిద్యమే, యంత్రం లోపం కాదు.

మొదట్లో మాత్రం దాన్ని లోపంగానే చూశారు. 1951లో ఐక్ టర్నర్ బృందం 'రాకెట్ 88' పాట రికార్డింగ్ కోసం మెంఫిస్ వెళ్తుండగా దారిలో గిటార్ యాంప్ దెబ్బతింది. స్పీకర్‌లో కాగితాలు కుక్కి కానిచ్చేశారు. ఆ బొంగురు శబ్దమే పాటకు వన్నె తెచ్చింది. 1958లో లింక్ రే తన స్పీకర్ అట్టకు పెన్సిల్‌తో చిల్లులు పొడిచాడు. 1964లో కింక్స్ బృందానికి చెందిన డేవ్ డేవీస్ రేజర్ బ్లేడ్‌తో కోసేశాడు. మోత లేకుండా జీర తెప్పించే తొలి ప్రయత్నాలు ఇవేనని చెప్పుకోవచ్చు. కాకపోతే స్పీకర్‌ను ఒకసారి కోస్తే మళ్లీ అతకదు.

మరి యాంప్లిఫయర్లు అంత శక్తిమంతంగా ఎందుకు తయారయ్యాయి? అప్పటి హాళ్లలో మైకులు, లౌడ్ స్పీకర్ల వ్యవస్థ గాయకుడి గొంతుకే అంతంతమాత్రంగా సరిపోయేది. గిటార్ చివరి వరసకు వినపడాలంటే దాని యాంప్ సొంతంగా హాలంతా నింపాలి. 1965 ఆగస్టులో న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ 55,000 మందికి పైగా ప్రేక్షకుల ముందు వాయించినప్పుడు వాక్స్ కంపెనీ వారి కోసం 100 వాట్ల యాంప్‌లు చేసి పంపింది. అభిమానుల కేకల్లో అవీ కొట్టుకుపోయాయి. పశ్చిమ లండన్‌లో డ్రమ్స్ దుకాణం నడిపే జిమ్ మార్షల్ 1962లో తొలి యాంప్‌ను తయారు చేయించారు. అది అమెరికా వారి ఫెండర్ బాస్‌మన్ డిజైన్‌ను చూసి రూపొందించినదే. మూడేళ్లు తిరిగేసరికి 'ద హూ' బృందం గిటారిస్టు పీట్ టౌన్షెండ్ ఇంకా పెద్ద శబ్దం కావాలని అడిగారు. దాంతో 100 వాట్ల మార్షల్, దాని కింద మనిషెత్తు స్పీకర్ల గోడ వచ్చాయి. 1976లో చార్ల్‌టన్‌లోని ఫుట్‌బాల్ మైదానంలో ఆ బృందం శబ్దం 32 మీటర్ల దూరాన 126 డెసిబెల్స్‌గా నమోదై గిన్నిస్ బుక్‌కెక్కింది. చెవులకు హానికరమైన పోటీని ప్రోత్సహించడం ఎందుకని గిన్నిస్ వారు తర్వాత ఆ విభాగాన్నే ఎత్తేశారు.

చెవుల లెక్క కఠినంగా ఉంటుంది. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు. పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ గడువు సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలు. రాక్ బృందం రిహార్సల్ గదిలో 100 డెసిబెల్స్ అసాధారణమేమీ కాదు. తన చెవుల్లో హోరు గురించి బహిరంగంగా చెప్పిన తొలితరం ప్రముఖుల్లో టౌన్షెండ్ ఒకరు. స్టేజీ కన్నా స్టూడియో హెడ్‌ఫోన్లే తనను ఎక్కువ దెబ్బతీశాయని ఆయన అన్నారు. 2016లో వినికిడి ప్రమాదంలో పడిందని వైద్యులు హెచ్చరించడంతో ఏసీ/డీసీ గాయకుడు బ్రయన్ జాన్సన్ పర్యటన మధ్యలో ఆగిపోవాల్సి వచ్చింది. లోపలి చెవిలో చచ్చిపోయిన రోమకణాలు మనిషికి తిరిగి మొలవవు.

స్టేజీ ఎక్కని వారికీ ఇబ్బంది తప్పదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం మన నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో 50 వాట్ల వాల్వు యాంప్‌కు ఈ చట్టంతో ఎలాంటి సంబంధం ఉంటుందో ఊహించుకోవచ్చు. పక్క ఫ్లాట్ వారు చట్టం చదవనక్కర్లేదు, తలుపు తడితే చాలు.

ఇక్కడే చాలామంది తప్పుదారి పట్టే లెక్క ఒకటుంది. 100 వాట్ల యాంప్ బదులు 50 వాట్లది కొంటే శబ్దం సగమవుతుందనుకుంటారు. కానీ చెవి అలా లెక్కపెట్టదు. శక్తి సగమైతే తగ్గేది 3 డెసిబెల్స్ మాత్రమే. అది తెలిసీ తెలియని తేడా. వినడానికి శబ్దం సగమైనట్టు అనిపించాలంటే శక్తి పదో వంతుకు, అంటే 100 వాట్ల నుంచి 10 వాట్లకు పడిపోవాలి. పైగా గిటార్ స్పీకర్లు మహా చురుకైనవి. పేరున్న 12 అంగుళాల స్పీకర్లలో చాలావాటికి ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 97, 98 డెసిబెల్స్ పలుకుతాయి. మార్షల్ కంపెనీ 2012లో తన 50వ వార్షికోత్సవానికి 1 వాట్ యాంప్‌ల వరస విడుదల చేసింది. ముద్దుగానే ఉన్నాయి కానీ గట్టిగా మీటితే ఇంట్లో నిద్రపోతున్న పసిపాప లేవడం ఖాయం.

మొదట తట్టిన ఉపాయం మాస్టర్ వాల్యూమ్. యాంప్‌లో రెండు అంచెలున్నాయి. ముందున్న చిన్న వాల్వులు సిగ్నల్‌ను పెంచి ఇస్తే, వెనకున్న పెద్ద వాల్వులు స్పీకర్‌ను నడుపుతాయి. రెండింటి మధ్య ఒక కుళాయి బిగిస్తే, ముందు వాల్వులను ఎంతైనా అరిపించి, వెనక్కి వెళ్లేదాన్ని మాత్రం బొట్టుబొట్టుగా వదలొచ్చు. కాలిఫోర్నియాలో రాండల్ స్మిత్ చిన్న ఫెండర్ యాంప్‌లను సవరించి తయారుచేసిన బూగీ యాంప్‌లు 1970ల తొలినాళ్లలో ఈ దారి చూపాయి. కార్లోస్ సంతానా వాటిని అందిపుచ్చుకున్నారు. అదే దశాబ్దం మధ్యలో మార్షల్ కూడా ఈ కుళాయిని బిగించింది. 1980ల హెవీ మెటల్ అంతా దాదాపుగా దీని చలవే.

కానీ 1966 నాటి నాదాన్ని వెతికేవారికి ఇది చాలలేదు. ఆ నాదం ఒక్క చోట పుట్టింది కాదు. వెనక వాల్వులు నలిగిపోవాలి. వాటి తర్వాత ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము అయస్కాంతత్వంతో నిండిపోవాలి. కరెంటు ఒక్కసారిగా లాగినప్పుడు రెక్టిఫయర్ వాల్వు దగ్గర వోల్టేజ్ కాస్త కుంగాలి. మీటిన క్షణంలో తగ్గి, వెంటనే ఉబికే ఆ తీరును గిటారిస్టులు వేళ్లకు తగిలే మెత్తదనంగా చెబుతారు. చివరికి స్పీకర్ అట్ట కూడా వణకాలి. మాస్టర్ వాల్యూమ్ తగ్గిస్తే వీటిలో ఏదీ జరగదు. ముందు వాల్వుల గరగర ఒక్కటే మిగులుతుంది. తాలింపు వేసి పప్పు మరిచినట్టన్నమాట.

అందుకే రెండో ఉపాయం కుళాయిని చివరికి జరిపింది. యాంప్‌ను పూర్తిగా పెంచి, దానికీ స్పీకర్‌కూ మధ్య ఒక పెట్టె పెడతారు. దాని పేరు అటెన్యుయేటర్. వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్ స్టేజీ మీద ఉన్నట్టే చెమటోడుస్తాయి. బయటికొచ్చిన శక్తిలో అధిక భాగాన్ని ఆ పెట్టె వేడిగా మార్చేసి, కొసరు మాత్రం స్పీకర్‌కు వదులుతుంది. 45 వాట్ల యాంప్ ముందు 16 డెసిబెల్స్ తగ్గించే పెట్టె పెడితే స్పీకర్‌కు చేరేది ఒక వాట్‌కు కాస్త పైన. మిగతా 44 వాట్లూ పెట్టె ఒంటికే. దాని మీద చేయి పెడితే ఆ సంగతి తెలుస్తుంది. ఎంఐటీలో ఇంజనీరింగ్ చదివి, పోలరాయిడ్‌లో పనిచేస్తూ ఇంటి బేస్‌మెంట్‌లో 'బోస్టన్' బృందం తొలి ఆల్బమ్‌ను చాలావరకు రికార్డు చేసిన టామ్ షోల్జ్ ఇలాంటి పెట్టెను 1980 ప్రాంతంలో పవర్ సోక్ పేరుతో అమ్మకానికి పెట్టారు. పొరుగువారి బాధ తెలిసినవాడు చేసిన పరికరం అది.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. స్పీకర్ మీద 8 ఓమ్‌లు అని రాసి ఉన్నా, అది అన్ని స్వరాలకూ 8 ఓమ్‌లు కాదు. 100 హెర్ట్జ్ చుట్టుపక్కల, అట్ట సహజంగా ఊగే చోట, ఆ నిరోధం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పై స్వరాలకు వెళ్లే కొద్దీ కాయిల్ కారణంగా మళ్లీ ఎక్కుతుంది. వాల్వులు ఈ ఎత్తుపల్లాలకు స్పందిస్తాయి, బాస్ బలం, పైస్వరాల మెరుపు అక్కడి నుంచే వస్తాయి. పెట్టెలో సాదా రెసిస్టర్లే ఉంటే వాల్వులకు ఎత్తుపల్లాల్లేని మైదానం కనిపిస్తుంది. నాదం మీద దుప్పటి కప్పినట్టవుతుంది. అందుకే ఖరీదైన పెట్టెల్లో కాయిల్స్, కెపాసిటర్లు చేర్చి నకిలీ స్పీకర్‌ను నిర్మిస్తారు. 6, 8 డెసిబెల్స్ తగ్గించడానికి చవక పెట్టె చాలు. 20 డెసిబెల్స్ తగ్గించి గదిలో వాయించాలంటే డబ్బు పెట్టాల్సిందే.

పెట్టెను తిట్టేముందు చెవిని కూడా విచారించాలి. మనిషి చెవి చిన్న శబ్దాల్లో బాస్‌ను, బాగా పై స్వరాలను తక్కువగా వింటుందని అమెరికాలో బెల్ లాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ 1933లోనే నిరూపించారు. అంటే యాంప్ నుంచి వచ్చే నాదం అక్షరాలా అదే అయినా, మోత తగ్గగానే పలచగా అనిపిస్తుంది. స్పీకర్ అట్ట వణకదు, గాలి ఛాతీకి తగలదు, స్పీకర్ శబ్దానికి తీగ తిరిగి కంపించి స్వరాన్ని నిలబెట్టదు. ఏ పరికరమూ వీటిని తిరిగి తేలేదు. 'నాదం చెక్కుచెదరదు' అని ప్రకటనల్లో చెప్పేవారు ఈ మాట చెప్పరు. టోన్ నాబ్‌లో బాస్ కొంచెం పెంచుకోవడం డబ్బు ఖర్చులేని సగం పరిష్కారం.

ఎడ్డీ వాన్ హేలెన్ మరో దారి తొక్కారు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన, 220 వోల్టులకు అమర్చిన మార్షల్‌ను అమెరికా 110 వోల్టుల ప్లగ్గులో పెట్టినప్పుడు అది చిన్న గొంతుతో అదే నాదం పలికిందని ఆయన చెప్పుకున్న కథ. తర్వాత వేరియాక్ అనే సర్దుబాటు ట్రాన్స్‌ఫార్మర్‌తో మెయిన్స్ వోల్టేజ్‌ను 90 ప్రాంతానికి దించి వాయించారు. 1978లో వచ్చిన వాన్ హేలెన్ తొలి ఆల్బమ్ విన్నవారందరూ ఆ నాదం రహస్యం కోసం వెతికారు. వోల్టేజ్ దించలేదు, పెంచానని ఆయన తొలినాళ్లలో ఇచ్చిన ఇంటర్వ్యూలను నమ్మి అదే పని చేసినవారికి మాడిన యాంప్‌లు మిగిలాయి. దించడం కూడా మరీ క్షేమం కాదు. వాల్వు ఫిలమెంట్‌కు చాలినంత వేడి అందకపోతే కేథోడ్ ఆయుష్షు తగ్గుతుంది.

అమెరికాలో కొన్నేళ్లు పనిచేసి సామాన్లతో తిరిగొచ్చే తెలుగు ఇంజనీర్లకు ఇదే తిరగేసిన రూపంలో ఎదురవుతుంది. అక్కడి 120 వోల్టుల యాంప్‌ను ఇక్కడి 230 వోల్టుల సాకెట్‌లో తిన్నగా పెడితే ఫ్యూజుతో పోతే అదృష్టమే. తగిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. ఇంతకన్నా ఘోరమైన పొరపాటు మరొకటుంది. శబ్దం వద్దని స్పీకర్ తీగ పీకేసి యాంప్‌ను పెంచి వాయించడం. భారం లేని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజ్ విపరీతంగా ఎగబాకి, ఇన్సులేషన్‌ను చీల్చుకుపోతుంది. అన్నిటికన్నా ఖరీదైన భాగం అదే. పోనీ పెట్టె విప్పి తామే బాగుచేసుకుందామంటే లోపలి కెపాసిటర్లలో 400 వోల్టులకు పైగా ప్లగ్గు పీకేశాక కూడా నిలిచి ఉండొచ్చు. తెలియనివారు చేయి పెట్టే చోటు కాదు.

అటెన్యుయేటర్‌తో ఇంకో ఖర్చు కూడా ఉంది. చెవికి మెల్లగా వినిపిస్తున్నా వాల్వులు మాత్రం పూర్తి మోతతోనే అరుగుతుంటాయి. ఒకప్పుడు బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ రేడియో వాల్వులు తయారు చేసేది. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద గిటార్ యాంప్‌లకు వాల్వులు అందించేది ప్రధానంగా రష్యా, స్లొవేకియా, చైనాల్లోని కొద్ది ఫ్యాక్టరీలు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలై రష్యా ఎగుమతులపై ఆంక్షలు విధించగానే వాల్వుల కోసం ఎగబడ్డారు, ధరలు పెరిగాయి.

ఇన్ని తంటాలు పడేకన్నా చిన్న యాంప్ కొనడం మేలనే వాదనకు గట్టి సాక్షులే ఉన్నారు. మొదటి సాక్షి క్లాప్టనే. డెక్కా ఇంజనీర్లను హడలెత్తించిన నాలుగేళ్లకు, 1970లో 'లైలా' ఆల్బమ్ కోసం మయామీలో ఆయన వాడింది 5 వాట్ల ఫెండర్ చాంప్. నీల్ యంగ్ దశాబ్దాలుగా స్టేడియాల్లో మోగించింది 1959 నాటి ఫెండర్ డీలక్స్. దాని శక్తీ తక్కువే. యాంప్‌కు అదనంగా ఒక్క తీగ కూడా కలపడానికి ఆయన మనసొప్పలేదు. కాలితో బటన్ నొక్కితే మోటార్ల సాయంతో యాంప్ మీది నాబ్‌లను నిజంగానే తిప్పే యంత్రాన్ని చేయించి, దాని నెత్తిన పెట్టించారు. దాని పేరు విజ్జర్. చిన్న యాంప్ త్వరగా అలసిపోతుంది, అందుకే నాదం త్వరగా పండుతుంది. హాలు నింపే పనిని మైకు, లౌడ్ స్పీకర్లకు వదిలేస్తే సరిపోతుంది. 1965లో అవి లేవు, ఇప్పుడున్నాయి. ఇంట్లో వాయించుకునేవారు 100 వాట్ల యాంప్‌కు ఆశపడటం సందు చివర కొట్టుకు లారీలో వెళ్లడం లాంటిదే.

కంప్యూటర్ దారి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అది గెలిచేసింది. 1998లో లైన్ 6 కంపెనీ ఎర్రటి చిక్కుడు గింజ ఆకారంలో తెచ్చిన పాడ్‌తో మొదలై, నిజమైన యాంప్‌ను విని దాని ప్రతిరూపాన్ని దాచుకునే యంత్రాల దాకా వచ్చింది. హెడ్‌ఫోన్లలో అర్ధరాత్రి కూడా మార్షల్ గర్జిస్తుంది. వాల్వునే నమ్ముకున్నవారికి మధ్యేమార్గమూ ఉంది. యాంప్ శక్తిని నకిలీ స్పీకర్ పూర్తిగా మింగేస్తుంది, సిగ్నల్‌కు మాత్రం నిజమైన స్పీకర్, మైకు, గదుల శబ్ద ముద్రను కంప్యూటర్ అద్దుతుంది. గదిలో వినిపించేది తీగల టిక్కుటిక్కు మాత్రమే. వేళ్లకు ఆ పాత మెత్తదనం దొరుకుతుందా అన్న దానిపై గిటారిస్టుల వాదన ఇంకా తెగలేదు. కళ్లు మూసుకుని రికార్డింగ్ వింటే మాత్రం తేడా పట్టుకోగలిగేవారు తక్కువే.

ఈలోగా పెద్ద కచేరీల్లో గిటార్ యాంప్ స్టేజీ వదిలి పెట్టెలోకో, స్టేజీ కిందికో, తెర వెనక్కో వెళ్లిపోయింది. దాని ముందో మైకు ఉంటుంది. వాయించేవారు తమ గిటార్‌ను చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్లలో వింటున్నారు. వెనక వరసగా మనిషెత్తున పేర్చిన మార్షల్ కేబినెట్లు మాత్రం ఫొటోల కోసం అలాగే ఉంటున్నాయి. దగ్గరికెళ్లి చూస్తే వాటిలో చాలావాటికి ముందు గుడ్డే తప్ప, లోపల స్పీకర్లుండవు.